కెప్టెన్ గారి పెళ్లి ఏ ఊళ్లో జరిగింది?

కాగితం చూడనిదే నేను దేన్నీ నమ్మను. పుట్టుకతో వచ్చిన గుణం కాదిది, ఉద్యోగంతో వచ్చింది. కువైత్‌లోని షర్క్‌లో ఒక ఇంజనీరింగ్ కన్సల్టెన్సీ ఆఫీసులో పదమూడేళ్లుగా డాక్యుమెంట్ కంట్రోలర్‌ని. వచ్చిన ప్రతి డ్రాయింగుకీ, ప్రతి ఉత్తరానికీ నంబరు వేయాలి. కొత్తది రాగానే పాతదాని మీద ‘రద్దు’ అని ముద్ర కొట్టాలి. నంబరు లేని కాగితం తెస్తే మా బాసునైనా వాకిట్లోనే నిలబెడతానని ఆఫీసులో నాకు పేరుంది. ఇంట్లోనూ అంతేనని మా ఆయన గొణుగుతారు. ఫ్రిజ్ వారంటీ కార్డు అడిగిన మరుక్షణం తీసి చేతిలో పెట్టేది ఎవరో మాత్రం చెప్పరు.

మేముండే బ్నీద్ అల్ గార్‌లో మా పై ఫ్లాట్‌లో ఒక అమెరికన్ టీచరమ్మ ఉండేది. అరవై దాటిన మనిషి, ఒంటరి, ఇక్కడి స్కూల్లో ఇరవై ఏళ్లుగా లెక్కలు చెబుతోంది. ఆ జూన్‌తో ఉద్యోగం అయిపోతే సామాను సర్దుకుని సొంత దేశం వెళ్లిపోవాలి. నేను కాగితాల పని చేస్తానని ఎవరు చెప్పారో గానీ, ఒక శుక్రవారం పొద్దున నన్ను పిలిచి టీ ఇచ్చి, సోఫా వెనక నుంచి ఒక అట్టపెట్టె లాగింది. మూత తీస్తే పాత కాగితాల వాసన గుప్పుమంది. నాకు ప్రాణం లేచొచ్చింది.

ఆ పెట్టె వాళ్ల నాన్నది. ఆయన ఒక చిన్న ఊళ్లో పోస్టుమాన్. సెలవు దొరికితే చాలు, చర్చి బీరువాలూ కోర్టు రికార్డు గదులూ పట్టుకు తిరిగి తమ వంశం వివరాలు చేత్తో ఎత్తి రాసుకునేవాడట. అమెరికా ఇంకా ఇంగ్లండు రాజు కింద ఉన్న రోజుల్లో, ఒక నదికి ఇవతలి ఒడ్డున ఉన్న ఊళ్లో వాళ్ల పూర్వీకుడు ఒకాయన ఉండేవాడు. రాజు మీద తిరగబడిన దండులో కెప్టెన్. ఆ యుద్ధంలో పాల్గొన్నవాళ్ల వారసులకి అక్కడ ఒక సంఘం ఉందట. అందులో చేరాలంటే నేను ఫలానా ఆయన మునిమనవణ్నని నోటితో చెబితే కుదరదు. ఒక్కో తరానికీ పుట్టుక, పెళ్లి, చావు, మూడింటికీ కాగితం చూపించాలి. ఆ మాట వినగానే ఆ సంఘం వాళ్లెవరో గానీ ఎంత బుద్ధిమంతులో అనిపించింది. మా ఆయన వీసా కోసం మా పెళ్లి సర్టిఫికెట్ మీద ఎన్ని ముద్రలు పడ్డాయో తలుచుకుంటే, ఎనిమిది తరాల పెళ్లిళ్లకి కాగితాలడిగే వాళ్ల మీద నాకు గౌరవం పెరిగింది.

పోస్టుమాన్ గారు దరఖాస్తు పెట్టుకున్నారు. అది తిరిగొచ్చింది. కెప్టెన్ పెళ్లికి ఆధారం లేదు, మీరు ఆయన కొడుకని చూపిస్తున్న మనిషి ఆయన కొడుకేననడానికీ ఆధారం లేదు అని రాశారు. మళ్లీ పెట్టేలోపు ఆయనే పోయారు. అంత్యక్రియలయ్యాక భోజనాల దగ్గర టీచరమ్మ అన్నయ్య, “నాన్న కోతలు నాన్నతోనే పోయాయి” అని నవ్వాడట. ఆ నవ్వు ఆవిడకి ఇన్నేళ్లయినా మింగుడు పడలేదు. పెట్టెని కువైత్ దాకా మోసుకొచ్చింది. నాన్న కోతలరాయుడు కాదని అన్నయ్యకి చూపించాలి, కువైత్ వదిలేలోపే చూపించాలి. ఆవిడ పంతమల్లా అదొక్కటే.

ఇంతలో ఇంకో తలనొప్పి వచ్చిపడింది. కిందటి సెలవుల్లో ఇంటికెళ్లినప్పుడు, కాగితాలు చెప్పనిది నెత్తురైనా చెబుతుందేమోనని ఆవిడ ఒక చిన్న గొట్టంలో ఉమ్మి డీఎన్‌ఏ పరీక్షకి పంపింది. వాళ్లు దూరపు చుట్టాల జాబితా ఒకటి పంపారు. అందులో కెప్టెన్ ఇంటివాళ్లు నలుగురో అయిదుగురో కలిశారు. నదికి అవతలి ఊళ్లో పిండిమిల్లు నడిపిన మరో కుటుంబం వాళ్లు మాత్రం కుప్పలు తెప్పలుగా కలిశారు. పోస్టుమాన్ గారు రాసిన వంశ పటంలో మిల్లువాళ్ల ఊసే లేదు. కెప్టెన్ భార్య సొంత ఊరి పాదిరి గారి కూతురని ఆయన నల్ల సిరాతో గుండ్రంగా రాసిపెట్టారు. మరి ఈవిడ ఒంట్లో మిల్లువాళ్ల నెత్తురు ఎలా వచ్చింది? అన్నయ్యకి ఈ సంగతి చెబితే ఒక్క వాక్యం మెయిల్ పెట్టాడు. “కెప్టెన్ గారి భార్య మిల్లుకి పిండి కోసమే వెళ్లేదంటావా?”

నాకు తెలిసిన పని నేను చేశాను. పెట్టెలోని ప్రతి కాగితానికీ నంబరు వేసి, పట్టీ రాసి, తరానికో ప్లాస్టిక్ ఫోల్డరు పెట్టాను. కెప్టెన్ గారికి ఎర్ర ఫోల్డరు. మూడు శుక్రవారాలు పట్టింది. అంతా అయ్యాక చూస్తే, పెళ్లి కాగితం ఉండాల్సిన చోట ఖాళీ ఫోల్డరు చాలా శుభ్రంగా కనిపించింది.

ఇక్కడ మా అత్త గురించి చెప్పాలి. మా నాన్నకి చెల్లెలు. రాయచోటి పక్క పల్లె నుంచి వచ్చి ఇరవై ఆరేళ్లుగా ఇక్కడి సల్వాలో ఒకే ఇంట్లో పనిచేస్తోంది. శుక్రవారం మధ్యాహ్నం సెలవు దొరికితే మా ఇంటికొస్తుంది. సంతకం తప్ప రాయడం రాదు. కానీ మా వైపు వాళ్లెవరు కనిపించినా నాలుగు ప్రశ్నల్లో చుట్టరికం కలిపేస్తుంది. ఒకసారి బస్టాపులో ఎవరో డ్రైవరుని పట్టుకుని, మీ అవ్వ పుట్టినిల్లు ఏదని మొదలుపెట్టి, నువ్వు నాకు వరసకు అల్లుడివవుతావని తేల్చి, తన కూరగాయల సంచీ అతని చేతిలో పెట్టింది. అతను మా గుమ్మం దాకా మోసుకొచ్చి, అత్తా వెళ్లొస్తానని చెప్పి మరీ వెళ్లాడు. ఒక్క కాగితం చూపించకుండా!

నాలుగో శుక్రవారం అత్త నా వెనకే పైకి వచ్చింది. తెల్లావిడ కనబడగానే, ఇక్కడ పనిచేసే ఇంటి యజమానురాలిని పిలిచే అలవాటుకొద్దీ “మామా” అని పలకరించి, నేల మీద పరిచిన పటం ముందు చతికిలబడింది. కథంతా చెప్పాను. పటంలో కెప్టెన్ ఇల్లు ఇదీ, టీచరమ్మ పక్కన వేరే కాగితం మీద రాసుకున్న మిల్లు ఇల్లు ఇదీ అని వేలితో చూపించాను. అత్త సగం దాకా విని చప్పరించేసింది.

“దీనికింత ఆలోచన యాల పాపా? రెండిండ్లోళ్లూ కుండమార్పు చేసుకోనుంటారు. మా పిల్లను మీకు, మీ పిల్లను మాకు. అదీ ఒకసారి గాదు, రెండు మూడు తరాలు చేసింటారు. మీ అమ్మా నాయనా లేరా? మీ నాయన సొంత అక్క కూతుర్నే గదా చేసుకునింది. ఆ మాదిరే. రగతం ఆడాడనే తిరుగుతాంటాది. చెప్పు మామాకు.”

నేను చెప్పలేదు. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో, భోజనాల బల్ల దగ్గర మాటల్లో మాటగా మా అమ్మకి మా నాన్న మేనమామ అని అన్నాను. ఎదురుగా కూర్చున్న వేరే దేశపు అమ్మాయి చెంచా గాల్లో ఆపి, “సొంత మేనమామా?” అని బల్ల బల్లంతా వినేలా అడిగింది. ఆ రోజు నుంచి ఎవరడిగినా మా అమ్మానాన్నలది ఒకే ఊరని చెప్పి ఊరుకుంటున్నాను. ఇప్పుడు ఈ చదువుకున్న ఆవిడ ముందు, వాళ్ల కెప్టెన్ గారికి మా పల్లె పెళ్లిళ్లు అంటగట్టడానికి నా నోరు రాలేదు.

“ఆ రెండు కుటుంబాలూ మంచి స్నేహితులై ఉంటారంటోంది” అని ఇంగ్లీషులో చెప్పాను.

టీచరమ్మ మొహం పాలిపోయింది. “స్నేహితులు. నా భయం కూడా అదే” అంది.

“ఇంత చెప్తే అంత పొట్టిగా చెప్తివే?” అంది అత్త నావైపు అనుమానంగా చూస్తూ.

“ఇంగ్లీషు పొట్టి భాష అత్తా” అన్నాను.

ఆ తర్వాత టీచరమ్మ నన్ను పిలవలేదు. మెట్ల మీద కనిపిస్తే ఎండల గురించి మాట్లాడేది. పెట్టె ఊసెత్తేది కాదు. నేనూ ఎత్తలేదు, ఆఫీసులో మార్చి హడావుడి అని నాకు నేను చెప్పుకున్నాను. మే నెలలో ఒక సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చేసరికి మా బిల్డింగు కింద చెత్త డబ్బాల పక్కన, పాత కర్టెన్ రాడ్ల మీద ఆ అట్టపెట్టె కనిపించింది. మూత మధ్యలోంచి ఎర్ర ఫోల్డరు కొస బయటికి వచ్చి ఉంది. నేను వేసిన నంబరు కనబడుతోంది.

నాకు సిగ్గేసింది. మామూలు సిగ్గు కాదు, చెవులు కాలాయి. ఒక మనిషి తన తండ్రిని చెత్తలో పెట్టేసింది, నేను నాలుగు మాటలు మింగినందుకు. పెట్టెని చంకకెత్తుకుని మూడంతస్తులు ఎక్కాను, లిఫ్టు ఉందని కూడా తోచలేదు.

టీచరమ్మ తలుపు తీసి పెట్టెని చూసి, “వద్దు, అది పోనీ. మా అన్నయ్య చెప్పిందే నిజం. నాన్న జీవితమంతా ఎవరిదో వంశం రాశాడు” అంది.

“మీ అన్నయ్య సంగతి తర్వాత. ముందు నా సంగతి వినండి. ఆ రోజు మా అత్త చెప్పింది నేను మీకు చెప్పలేదు” అన్నాను.

గుమ్మంలోనే నిలబడి అంతా చెప్పాను. కుండమార్పు, తరతరాల ఇచ్చిపుచ్చుకోళ్లు, మా అమ్మానాన్నల పెళ్లి, చెంచా గాల్లో ఆపిన అమ్మాయి, అన్నీ. ఆవిడ కళ్లార్పకుండా విని, చివరికి అడిగింది ఒకటే. “మీ అమ్మా నాన్నా సుఖంగా ఉన్నారా?”

“రోజూ పోట్లాడుకుంటారు. మా అమ్మ ఇప్పటికీ ‘మామా’ అని పిలిచి మరీ తిడుతుంది” అన్నాను.

ఆవిడ నవ్వింది. నవ్వుతూనే తలుపు పట్టుకుని ఏడ్చింది. పెట్టెని నా చేతుల్లోంచి లాక్కుంది. లాక్కుందనే అనాలి.

తర్వాతి శుక్రవారం అత్త తను పనిచేసే మామా ఇంటి నుంచి మచ్బూస్ గిన్నె పట్టుకుని దిగింది. ముగ్గురం ఆ మసాలా అన్నం మాంసంతో తిని, చేతులు కడుక్కుని, మళ్లీ పటం పరిచాం. ముందుగా నా నేరం అత్త దగ్గర ఒప్పుకోవాల్సి వచ్చింది.

“మీ నాయన పెండ్లి నీకు సిగ్గా మే?” అంది అత్త. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. నా వైపు ఒక నిమిషం చూసి, పటం వైపు తిరిగిపోయింది.

“ఏంది ఇది, ఇంత కాగితంలో అందరూ మొగోళ్లేనా? ఈళ్లకు ఆడపిల్లోళ్లు పుట్టలేదా?”

“పుట్టారత్తా. పేర్లున్నాయి చూడు.”

“పేర్లుంటే సరా? యాడికిచ్చినారు?”

ఈసారి మాట మింగకుండా చెప్పాను. టీచరమ్మ పటాన్ని వంగి చూసింది. నిజమే, కెప్టెన్‌కి ముగ్గురు చెల్లెళ్లు. టీచరమ్మ రాసుకున్న కాగితంలో మిల్లాయనకి ఇద్దరు కూతుళ్లు. తండ్రీ కూతురూ ఆ అయిదుగురి పేర్లూ రాసి, పక్కన ఏ గీతా గీయకుండా వదిలేశారు. నేను నంబర్లు వేసినప్పుడు కూడా ఆ పేర్ల పక్కన ఖాళీ నా కంటికి ఆనలేదు. ఖాళీలు పట్టుకోవడానికే జీతం తీసుకుంటున్న మనిషిని!

“కెప్టెన్ పెండ్లి కాయితం యాడ ఎతికినారు?” అంది అత్త.

“కెప్టెన్ వాళ్ల ఊళ్లో. ఆ ఊరి చర్చి పుస్తకాలన్నీ మా నాన్న రెండుసార్లు తిరగేశాడు” అంది టీచరమ్మ.

అత్త నెత్తి కొట్టుకుంది. “పెండ్లి పిల్లోళ్లింటికాడ గదమ్మా చేసేది! మొగోని ఊర్లో ఎతికితే యాడ దొరుకుతాది? ఏటి అవతలికి పోయి చూడమను.”

పాదిరి గారి కూతురన్న మాట పోస్టుమాన్ గారికి ఎలా తట్టిందో అప్పుడర్థమైంది. కెప్టెన్ భార్య పేరు తెలుసు, ఇంటిపేరు తెలియదు. సొంత ఊరి పుస్తకంలో ఆ పేరున్న పిల్ల ఒక్క పాదిరి గారింట్లోనే కనబడింది. కెప్టెన్ లాంటి మనిషి ఊళ్లో పిల్లనే చేసుకుని ఉంటాడని ఆయన నమ్మేశారు. నది దాటలేదు.

టీచరమ్మ లాప్‌టాప్ తెరిచింది. అవతలి ఊరి చర్చి పుస్తకం పుటలు ఫొటోలు తీసి ఎవరో పుణ్యాత్ములు నెట్‌లో పెట్టారు. ఆ రాత కోడి గెలికినట్టుంది. ఆవిడ ఒక్కో పుటా పెద్దది చేసి చదువుతుంటే, అత్త పక్కన కూర్చుని వక్కపలుకులు నములుతూ, “యల్లా మామా, ఇంకోటి తియ్యి” అని తోలుతూ ఉంది. సాయంత్రపు అసర్ నమాజు పిలుపు వినబడి ఆగిపోయిన కాసేపటికి టీచరమ్మ వేలు తెర మీద నిలిచిపోయింది.

ఒకే రోజు తేదీ. రెండు వరసలు, ఒకదాని కింద ఒకటి. మిల్లాయన కొడుకుకి కెప్టెన్ చెల్లెలు. కెప్టెన్‌కి మిల్లాయన కూతురు.

టీచరమ్మ ఆ రెండు వరసలూ పైకి చదివింది, మళ్లీ చదివింది. నేను తెలుగులో చెప్పబోతే అత్త చెయ్యెత్తి ఆపింది. ఆమెకి అవసరం లేకపోయింది.

దారి దొరికాక మిగతావి వాటంతటవే వచ్చాయి. వారం తిరక్కుండా, వాళ్ల మనవల తరంలో ఆ రెండిళ్ల మధ్యే ఇంకో రెండు పెళ్లిళ్లు బయటపడ్డాయి. “ఒకసారి రుచి మరిగినోళ్లు ఊరికే ఉంటారా?” అంది అత్త ఫోన్‌లో. మిల్లాయన వీలునామా కూడా దొరికింది. అందులో ఆయన కూతురికి ఒక ఆవునీ, ఆమె కొడుక్కి, అంటే పోస్టుమాన్ గారి పటంలోని ఆ ఆధారం లేని కొడుక్కి, ఒక తుపాకీనీ రాశాడు. ‘నా అల్లుడు కెప్టెన్ కొడుకు’ అని తేటగా ఉంది. కెప్టెన్ భార్య మిల్లుకి వెళ్లిన మాట నిజమే. పుట్టింటికి వెళ్లింది.

టీచరమ్మ ఆ పుటల ఫొటోలు అన్నయ్యకి పంపింది, ఒక్క ముక్క కూడా రాయకుండా. మూడో రోజు జవాబు వచ్చింది. నాన్న రాసిన పటం ఫొటో తీసి పంపగలవా అని అడిగాడు.

జూన్ మొదటి శుక్రవారం దరఖాస్తు నింపడానికి కూర్చున్నాం. ఇల్లంతా సగం ఖాళీ, అట్టపెట్టెల మీదే కూర్చున్నాం. నాన్న పటాన్ని దరఖాస్తుకి జత చేయాలని ఆవిడ కోరిక. కానీ అందులో పాదిరి గారి కూతురు నల్ల సిరాలో గుండ్రంగా కూర్చునుంది. టీచరమ్మ పెన్ను ఎత్తి, దించి, మళ్లీ ఎత్తింది. నాన్న చేతిరాత మీద గీత పెట్టలేకపోతోంది. నా చేతిలో ‘రద్దు’ ముద్ర ఉంటే ఏం చేసేదాన్నో నాకు బాగా తెలుసు. అందుకే నోరు మూసుకున్నాను.

“కొట్టేయొద్దని చెప్పు పాపా. నాయన తప్పు రాసినాడు గానీ అబద్ధం రాయలేదు. పక్కన చోటు ఉండాది గదా, ఆయమ్మ పేరు ఆడ రాయమను” అంది అత్త.

ఒక్క మాట వదలకుండా చెప్పాను. టీచరమ్మ నాన్న రాత పక్కనే, నీలం సిరాతో, మిల్లాయన కూతురి పేరు ఇంటిపేరుతో సహా రాసింది. కింద ఆధారం అన్న గడిలో అవతలి ఊరి చర్చి పుస్తకం, పుట నంబరు వేసింది. ఇక్కడితో ఖలాస్ అనుకుని నేను ఫోల్డరు మూయబోయాను.

“ఆగు. మీ అత్త పూర్తి పేరు చెప్పు, ఆ గడిలో రాయాలి” అంది టీచరమ్మ.

ఆధారం గడిలో కాగితం నంబరు తప్ప మనుషుల పేర్లు రాయకూడదని నా నాలుక చివరిదాకా వచ్చింది. ఎలాగో ఆపుకున్నాను. “పుస్తకం ఇన్నేళ్లూ అక్కడే ఉంది. ఏ ఊళ్లో చూడాలో మా నాన్నకి చెప్పేవాళ్లే లేకపోయారు” అందావిడ.

ఈ మాట తెలుగులో చెబితే అత్త నమ్మలేదు. నా మొహం చూసింది, టీచరమ్మ చేతిలో పెన్ను చూసింది. ఇరవై ఆరేళ్లలో ఆమె పేరు రాసుకున్నది వీసా ఇచ్చిన యజమాని కఫీల్, ఏర్‌పోర్టు, ఆస్పత్రి. అప్పుడు కూడా ఎవరూ ఆమెని అడిగి రాసుకోలేదు, కార్డు చూసి రాసుకున్నారు. పమిట కొంగుతో మూతి తుడుచుకుని, చేతిసంచిలోంచి సివిల్ ఐడీ కార్డు తీసి నాకిచ్చింది.

“ఆ కెప్టెన్‌కు నా వీసా నంబరు, ఇఖామా నంబరు గూడా కావల్నేమో అడుగు పాపా” అంది, నవ్వు దాచుకోడానికి పక్కకి తిరిగి.

అదీ చెప్పాను. టీచరమ్మ నవ్వలేదు. కార్డుని కళ్లజోడు దగ్గరికి తెచ్చుకుని, అత్త పేరు ఒక్కో అక్షరం చూసుకుంటూ, వాళ్ల నాన్న చేతిరాత కింద రాసుకుంది.